కొత్త పికప్ బండికి ఇంజిన్ ట్రబుల్ వస్తే: బానెట్ ఎత్తేముందు, ఎత్తాక

బండి తీసుకుని ఐదు నెలలు. రీడింగ్ పద్నాలుగు వేలు కూడా దాటలేదు. తెల్లవారుజామున నాలుగింటికి యాభై క్రేట్ల టమాటా వేసుకుని మదనపల్లె మార్కెట్‌కు వస్తున్నాను. అంగళ్లు దాటాక చిన్న ఎత్తు దగ్గర డ్యాష్‌బోర్డు మీద పసుపు లైటు వెలిగింది. ఆ వెంటనే బండి లాగే శక్తి (పికప్) పోయింది. ఎంత తొక్కినా ముప్పై దాటదు, వెనక నల్లగా పొగ. తాళం తీసి మళ్లీ వేస్తే రెండు కిలోమీటర్లు బాగానే పోయింది, మళ్లీ అదే కథ. దారిలో ఒక మెకానిక్కు చూపిస్తే, “నాజిళ్లు పోయింటాయన్నా, విప్పి చూద్దాం” అన్నాడు. నాజిళ్లంటే ఇంజిన్‌లోకి డీజిల్ చిమ్మేవి. వేలానికి టైమైపోతుందన్న టెన్షన్‌లో ఒప్పుకోలేదు గానీ, లేకపోతే ఒప్పుకునేవాడినే.

చివరికి తేలింది ఏమిటంటే, టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే భాగం) నుంచి వచ్చే గాలి హోస్ పైపు క్లాంప్ వదులైంది. స్క్రూడ్రైవరుతో రెండు నిమిషాల పని. నాజిళ్లు విప్పి ఉంటే ఆ తర్వాత వారంటీ కోసం నేను పడాల్సిన పాట్లు వేరే.

పాత బండికి రిపేరంటే అరిగిన సామాను వెతకడం. కొత్త బండి లెక్క అది కాదు. ఏడాది రెండేళ్ల బండిలో ఇంజిన్ లోపల పాడవడం అరుదు. గాలి, డీజిల్, వైర్లు, సైలెన్సర్ దారి, ఈ నాలుగింట్లోనే ఎక్కువగా తేడా వస్తుంది. అందుకే బయట కనిపించేది మీరు చూడాలి, చూసింది రాసుకోవాలి. లోపల విప్పే పని వారంటీ ఇచ్చినవాడికి వదిలేయాలి. బొలెరో పికప్ అయినా, దోస్త్ అయినా, యోధా అయినా, 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్6 డీజిల్ బండికి వరస దాదాపు ఇదే.

ముందు లైటు రంగు చూడండి

ఎర్ర లైటు, పసుపు లైటు ఒకటి కాదు. ఎర్రగా నూనె గిన్నె బొమ్మ వెలిగితే ఆయిల్ ప్రెషర్ పడిపోయిందని అర్థం. ఇంకో వంద గజాలు పోదాం, అదిగో పెట్రోల్ బంకు అనుకోవద్దు. పక్కకు తీసి వెంటనే ఇంజిన్ ఆపేయండి. ఆయిల్ లేకుండా తిరిగిన ఒక్క నిమిషం బేరింగులకు చాలు. ఎర్రగా థర్మామీటర్ బొమ్మ వస్తే బండి హీటెక్కింది, అప్పుడూ ఆపాల్సిందే. బ్యాటరీ బొమ్మ నడుస్తుండగా వెలిగితే ఛార్జింగ్ లేదన్న మాట. బానెట్ ఎత్తి బెల్టు తెగిందేమో చూడండి. చాలా ఇంజిన్లలో ఆ బెల్టే వాటర్ పంపును కూడా తిప్పుతుంది, తెగితే కాసేపట్లో హీటు కూడా ఎక్కుతుంది.

పసుపు రంగులో ఇంజిన్ బొమ్మ అయితే కంగారు లేదు. కంప్యూటర్ ఏదో తేడా పట్టుకుంది, అవసరమైతే ఇంజిన్‌ను కాపాడుకోవడానికి తానే పవర్ తగ్గిస్తుంది. దీన్నే లింప్ మోడ్ అంటారు. లోడు మీద ఎత్తులెక్కకుండా నెమ్మదిగా సురక్షితమైన చోటికి చేరుకోవచ్చు. చాలా డీజిల్ బండ్లలో స్ప్రింగు చుట్టలాంటి బొమ్మ ఉంటుంది. అది స్టార్ట్ చేసేముందు వెలిగి ఆరిపోవాలి. నడుస్తుండగా మినుకుమినుకుమంటే అది కూడా ఇంజిన్ ఫాల్టే. జాతీయ రహదారి మీద ఆగిపోతే 1033కి ఫోన్ చేయండి.

తాళం తీయకముందే ఫోన్ తీయండి

నేను ఇది చేయలేదు. అందుకే సర్వీస్ సెంటర్‌కు వెళ్లాక లైటు ఆరిపోయి, “ఏమీ లేదు కదా సార్” అనిపించుకుని తిరిగొచ్చాను. కాబట్టి డ్యాష్‌బోర్డు ఫోటో ఒకటి తీయండి. లైట్లు, రీడింగ్, టెంపరేచర్ ముల్లు అన్నీ అందులో పడాలి. చప్పుడు తేడాగా ఉంటే అర నిమిషం వీడియో. పొగ వస్తుంటే వెనక నుంచి ఇంకో వీడియో.

తర్వాత కాగితం మీదో, వాట్సాప్‌లో మీకు మీరే పంపుకునే మెసేజ్‌లోనో నాలుగు ముక్కలు రాయండి: ఎంత లోడు, ఏ గేరు, ఇంజిన్ చల్లగా ఉందా వేడిగా ఉందా, ఎత్తా చదునా, చివరిసారి ఏ బంకులో ఎప్పుడు డీజిల్ పట్టించారు. డీజిల్ బిల్లు పారేయకండి. డీజిల్‌లో నీళ్లు తేలితే ఆ చీటీయే మీ సాక్షి.

ఇప్పుడు బానెట్ ఎత్తండి

చదును నేల మీద ఆపి, హ్యాండ్ బ్రేక్ వేసి, పది నిమిషాలు ఆగి ఇంజిన్ ఆయిల్ గేజ్ తీయండి. గుడ్డతో తుడిచి, మళ్లీ పెట్టి తీస్తే మట్టం తెలుస్తుంది. తగ్గిందా అని అందరూ చూస్తారు. బీఎస్6 డీజిల్ బండిలో పెరిగిందా అని కూడా చూడాలి. పై గీత దాటి ఉండి, ముక్కు దగ్గర పెట్టుకుంటే డీజిల్ వాసన వస్తే, ఆయిల్‌లో డీజిల్ కలుస్తోందన్న మాట. ఎందుకో కింద చెబుతాను. అలా ఉంటే బండి నడపకండి, పలచబడ్డ ఆయిల్ బేరింగులను కాపాడలేదు.

కూలెంట్ ట్యాంకు బయట నుంచే కనిపిస్తుంది, రెండు గీతల మధ్య ఉంటే చాలు. వేడి మీద మాత్రం మూత ముట్టుకోవద్దు. చిమ్మితే మొహం కాలిపోతుంది.

బ్యాటరీ టెర్మినళ్లను చేత్తో కదిపి చూడండి. చేతికి కదిలితే అదే జబ్బు కావచ్చు. ఎయిర్ ఫిల్టర్ డబ్బా క్లిప్పులు సరిగ్గా బిగిసి ఉన్నాయా, అక్కణ్నుంచి టర్బోకు, టర్బో నుంచి ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌కు, ఇంటర్‌కూలర్ నుంచి ఇంజిన్‌కు పోయే లావు రబ్బరు పైపులు ఎక్కడైనా ఊడాయా, చీలాయా చూడండి. పైపు చివర ఆయిల్ తడి, దుమ్ము అంటుకుని ఉంటే గాలి అక్కడ తప్పించుకుంటోందన్న మాట.

ఇంకొకటి, ఎలుకలు. పల్లెల్లో, గోడౌన్ల పక్కన రాత్రిళ్లు ఆపే బండికి ఇది నిజమైన శత్రువు. కొరికిన వైరు తొక్కు, గడ్డి పోచలు, రెట్టలు కనిపిస్తే ఫోటో తీసి, ఇన్సూరెన్స్ పాలసీలో అది కవర్ అవుతుందేమో చూసుకోండి. వారంటీలో ఎలుకలకు చోటు లేదు.

స్టార్ట్ కాకపోతే

రెండు రకాలు. సెల్ఫ్ కొడితే టక్ మని ఆగిపోవడం ఒకటి, సెల్ఫ్ గిర్రున తిరిగినా ఇంజిన్ అందుకోకపోవడం ఇంకొకటి. ఫోన్‌లో చెప్పేటప్పుడు “స్టార్ట్ కావట్లేదు” అంటే అవతలివాడికి ఏమీ అర్థం కాదు, ఏ రకమో చెప్పండి.

టక్ మని ఆగితే ముందు అనుమానం బ్యాటరీ మీదే. మూడు నాలుగు వందలకు దొరికే మల్టీమీటర్ ఒకటి బండిలో పెట్టుకోండి. రాత్రంతా ఆగిన బండి బ్యాటరీలో 12.6 వోల్టుల దగ్గర ఉండాలి, 12.2కి పడితే సగం ఖాళీ. సెల్ఫ్ కొడుతుండగా 9.6 కంటే కిందికి జారితే బ్యాటరీ బలహీనం. ఇంజిన్ నడుస్తుంటే 13.8 నుంచి 14.5 మధ్య కనిపించాలి, లేదంటే బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్ వైపు చూడాలి. కొత్త బ్యాటరీ ఎందుకు దిగిపోతుందంటే, చాలాసార్లు మనం బయట వేయించిన పాటల బాక్సు, అదనపు లైట్లు, జీపీఎస్ డబ్బా రాత్రంతా కొద్దికొద్దిగా కరెంటు తాగుతుంటాయి. వాటి ఫ్యూజు తీసి ఒక రాత్రి ఉంచి చూడండి.

వేరే బండి నుంచి కేబుళ్లు వేస్తే వరస తప్పొద్దు. ఎర్రది ముందు మీ బ్యాటరీ ప్లస్‌కు, తర్వాత అవతలి ప్లస్‌కు. నల్లది అవతలి మైనస్‌కు, చివరి కొస మీ ఇంజిన్ ఇనుముకు, బ్యాటరీకి దూరంగా. తీసేటప్పుడు సరిగ్గా వెనక నుంచి. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ వైరు ఊడబీకి చూసే పాత పద్ధతి ఈ బండ్లకు పనికిరాదు, కంప్యూటర్ కాలిపోవచ్చు.

సెల్ఫ్ బాగా తిరుగుతూ ఇంజిన్ అందుకోకపోతే, తాళం బొమ్మ లైటు మెరుస్తోందా చూడండి. అది ఇమ్మొబిలైజర్, అంటే అసలు తాళాన్ని గుర్తుపట్టకపోతే ఇంజిన్‌ను స్టార్ట్ కానివ్వని ఏర్పాటు. రెండో తాళంతో ప్రయత్నించండి. అది కాకపోతే డీజిల్. ట్యాంకు పూర్తిగా ఎండబెట్టి ఉంటే పైపుల్లో గాలి పట్టింది. డీజిల్ ఫిల్టర్ దగ్గర చేతి పంపు ఉన్న బండ్లలో గట్టిపడేదాకా నొక్కి, తర్వాత పదేసి సెకన్లు సెల్ఫ్ కొట్టి, మధ్యలో అర నిమిషం విడుపు ఇవ్వండి. ఆపకుండా కొడితే స్టార్టర్ మోటారు కాలుతుంది.

వానాకాలంలో, క్యాన్లలో తెచ్చిన డీజిల్ పోసినప్పుడు నీళ్లు కలవడం మామూలే. ఫిల్టర్ కింద నీళ్లు తీసే స్క్రూ ఉంటుంది. పారదర్శకమైన సీసా పట్టి, స్క్రూ కొద్దిగా వదులు చేసి, పావు లీటరు వదలండి. నీళ్లుంటే సీసా అడుగున వేరుగా నిలుస్తాయి. ఫోటో తీసి, సీసాకు మూత పెట్టి దాచండి. ఎక్కువ నీళ్లుంటే ఇంక స్టార్ట్ చేయొద్దు. హైప్రెషర్ పంపుకు, నాజిళ్లకు డీజిలే నూనె. నీళ్లతో తిరిగితే అరిగిపోతాయి, ఆ బిల్లు వేలతో ఆగదు.

పికప్ పోతే

పొగ రంగు సగం జవాబు చెబుతుంది. నల్ల పొగ అంటే గాలి చాలట్లేదు: హోస్ పైపు, ఎయిర్ ఫిల్టర్, టర్బో. రేస్ చేస్తే బుస్సుమనే చప్పుడు వచ్చిందంటే హోస్ పైపే. వరికోతల సమయంలో, పత్తి తోలేటప్పుడు ఎయిర్ ఫిల్టర్ బండితో ఇచ్చిన పుస్తకంలో రాసిన కిలోమీటర్ల దాకా ఆగదు, ముందే మూసుకుపోతుంది. నీలం పొగ అంటే ఆయిల్ కాలుతోంది. కొత్త బండిలో ఇది ఉండకూడదు, నేరుగా సర్వీస్ సెంటర్‌కే. తెల్ల పొగ చలి ఉదయాన కాసేపు వస్తే ఫర్వాలేదు. వేడెక్కాక కూడా వస్తూ, కూలెంట్ తగ్గుతుంటే ఆపేయండి.

పొగ ఏమీ లేకుండా పవర్ తగ్గితే డీజిల్ ఫిల్టర్ ఒకటి, డీపీఎఫ్ ఇంకొకటి. మన బాడుగ బండ్లకు అసలు తలనొప్పి ఈ రెండోదే.

డీపీఎఫ్ అంటే సైలెన్సర్ దారిలో ఉండే జల్లెడ. మసిని పట్టుకుంటుంది. నిండాక దాన్ని దాదాపు 600 డిగ్రీల వేడిలో కాల్చి ఖాళీ చేసుకుంటుంది. దీన్నే రీజనరేషన్ అంటారు. హైవే మీద గంట సేపు పోయే బండిలో ఇది ఎప్పుడు జరిగిందో డ్రైవరుకు తెలియను కూడా తెలియదు. మన పని అలా ఉండదు కదా. తోట నుంచి మండీకి ఎనిమిది కిలోమీటర్లు, మండీ గేటు దగ్గర గంట సేపు ఇంజిన్ ఆన్‌లోనే క్యూ, మళ్లీ ఎనిమిది కిలోమీటర్లు. జల్లెడ వేడెక్కేలోపే తాళం తీసేస్తాం. బండి మసిని కాల్చడానికి అదనంగా డీజిల్ చల్లడం మొదలుపెడుతుంది, మధ్యలో మనం ఆపేస్తాం. ఆ కాలని డీజిల్‌లో కొంత సిలిండర్ గోడల మీదుగా జారి ఆయిల్‌లో కలుస్తుంది. గేజ్ మీద ఆయిల్ పెరగడం వెనక ఉన్న సంగతి ఇదే.

రీజనరేషన్ జరుగుతోందని పట్టుకోవచ్చు. ఆగి ఉన్నప్పుడు ఇంజిన్ వేగం కొంచెం ఎక్కువగా ఉంటుంది, ఫ్యాన్ గట్టిగా తిరుగుతుంది, కాలిన వాసన వస్తుంది, ఆ కాసేపు మైలేజ్ పడిపోతుంది. అప్పుడు ఆపకండి. డీపీఎఫ్ లైటు పసుపులో వెలిగితే ఖాళీ రోడ్డు మీద ఒక గేరు తగ్గించి, ఇంజిన్ నిమిషానికి 2000 తిరుగుళ్ల పైన ఉండేలా, అరవై దగ్గర పదిహేను ఇరవై నిమిషాలు ఏకబిగిన నడపండి. చాలాసార్లు లైటు దానంతట అదే ఆరుతుంది. కొన్ని బండ్లలో నిలబెట్టి రీజనరేషన్ చేసే బటన్ ఉంటుంది, పద్ధతి పుస్తకంలో ఉంటుంది. ఆ సమయంలో సైలెన్సర్ కింద ఎండుగడ్డి, పత్తి, చెత్త ఉండకూడదు. కళ్లం మీద ఈ పని అస్సలు వద్దు, నిప్పంటుకుంటుంది. లైటును పట్టించుకోకుండా వారాలు తిప్పి, ఇంజిన్ లైటు కూడా తోడైతే ఇక నడిపి బాగుచేసే దశ దాటిపోయింది. సర్వీస్ సెంటర్‌లో కంప్యూటర్ పెట్టి కాల్చాల్సిందే.

“డీపీఎఫ్ తీసేయించు, గోల ఉండదు” అనేవాళ్లు ప్రతి ఊళ్లో ఉంటారు. తీయిస్తే వారంటీ పోతుంది, బండి చట్టప్రకారం ఉండాల్సిన తీరులో ఉండదు, పొల్యూషన్ పరీక్ష దగ్గర చిక్కు. దానికి బదులు క్యూలో ఇంజిన్ ఆపడం, వారానికి ఒకటి రెండుసార్లు దూరం బాడుగ ఒప్పుకోవడం మేలు. ఆయిల్ కూడా పుస్తకంలో చెప్పిన గ్రేడే పోయించండి. డీపీఎఫ్ బండికి బూడిద తక్కువ మిగిల్చే ఆయిల్ కావాలి. మసి కాలుతుంది గానీ బూడిద కాలదు, జల్లెడలోనే ఉండిపోతుంది.

యూరియా ట్యాంకు ఉంటే

అన్ని పికప్‌లకూ ఇది ఉండదు. నీలం మూత ట్యాంకు ఉంటే మీ బండికి ఉన్నట్టే. అందులో పోసేది పొగలోని విషవాయువులను తగ్గించే ద్రవం. డెఫ్, ఆడ్‌బ్లూ ఏ పేరుతో కొన్నా అందులో 32.5 శాతం శుద్ధ యూరియా, మిగతాది ఖనిజాలు తీసేసిన నీళ్లు. ఎరువుల కొట్టు యూరియా కలిపి పోద్దామన్న ఆలోచన వస్తే మానుకోండి. పొలానికి వేసేది 2015 నుంచి వేప పూతతో వస్తోంది, అది పంపును, నాజిల్‌ను పాడుచేస్తుంది. పొరపాటున డెఫ్‌ను డీజిల్ ట్యాంకులో పోస్తే తాళం కూడా తిప్పకండి. తిప్పితే పంపు దాన్ని లైన్లలోకి లాగుతుంది. బండి లాక్కుపోయి ట్యాంకు కడిగించడం, నాజిళ్లన్నీ మార్చడంతో పోలిస్తే చాలా చవక.

హీటెక్కితే

ఆపి అరగంట వదిలేయండి. కూలెంట్ మట్టం బాగానే ఉండి, బెల్టు తిరుగుతూ ఉంటే రేడియేటర్ ముందు భాగం చూడండి. పొట్టు, పత్తి, పురుగులు పేరుకుని గాలి పోయే దారే ఉండదు. తక్కువ వేగంతో నీళ్లు కొట్టి కడగండి. ప్రెషర్ వాష్ గన్ దగ్గరగా పెడితే సన్నని రేకులు వంగిపోతాయి. కూలెంట్ పదేపదే తగ్గుతుంటే నీళ్లు నింపుకుంటూ తిరగకుండా, ఎంత తగ్గిందో తేదీలతో రాసుకుని సర్వీస్ సెంటర్‌లో చూపండి.

స్కానర్‌తో ఒకసారి చదవండి

స్టీరింగ్ కింద పదహారు పిన్నుల సాకెట్ ఉంటుంది. బ్లూటూత్ స్కానర్ దానికి తగిలించి ఫోన్‌లో కోడ్ చదవచ్చు. పి0299 అంటే టర్బో గాలి తక్కువ, నాకు వచ్చింది అదే. పి0087 అంటే డీజిల్ ప్రెషర్ తక్కువ, ముందు ఫిల్టర్ చూడాలి. పి2463 అంటే డీపీఎఫ్‌లో మసి నిండింది. పి0401 అంటే ఈజీఆర్‌లో (పొగలో కొంత తిరిగి ఇంజిన్‌లోకి పంపే దారి) ప్రవాహం చాలట్లేదు. కోడ్ ఏ వైపు చూడాలో చెబుతుంది, ఏ సామాను మార్చాలో చెప్పదు. గాలి తక్కువని వచ్చిందని టర్బో కొనేయకూడదు. కోడ్ స్క్రీన్‌షాట్ తీసుకోండి, చెరపకండి. చెరిపితే దానితోపాటు ఆ క్షణంలో వేగం, లోడు, టెంపరేచర్ ఎంతున్నాయో కంప్యూటర్ దాచుకున్న లెక్క కూడా పోతుంది.

ఎవరు చెప్పినా ముట్టుకోకూడనివి నాజిల్ పైపులు. కామన్ రైల్‌లో, అంటే నాజిళ్లన్నింటికీ డీజిల్ పంచే పైపులో, డీజిల్ వెయ్యి బార్‌లు దాటిన ప్రెషర్‌లో ఉంటుంది, చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పాత ఇంజిన్లలో నట్టు వదులు చేసి గాలి తీసినట్టు దీన్ని తీయకూడదు.

సర్వీస్ సెంటర్‌లో

“పికప్ లేదు, చూడండి” అని చెప్పి కూర్చోకండి. “మూడో గేరులో, ఒకటిన్నర టన్ను లోడుతో, ఎత్తు మీద, ఇంజిన్ వేడెక్కాక వస్తోంది” అని చెప్పండి. అవే మాటలు జాబ్ కార్డులో (బండి తీసుకునేటప్పుడు ఫిర్యాదు, పని రాసుకునే కాగితం) రాయించి, చదివాకే సంతకం పెట్టండి. మీరు చెప్పింది ఒకటి, “జనరల్ చెకప్” అని రాసుకునేది ఇంకొకటి అయితే రేపు మీ చేతిలో ఏమీ ఉండదు. ఖాళీ బండిలో ఫాల్టు రాకపోతే లోడుతో టెస్ట్ డ్రైవ్ అడగండి, పక్కన మీరు కూర్చోండి. బండి తీసుకునేటప్పుడు ఏ కోడ్ వచ్చింది, ఏమి చేశారు, ఏ సామాను మార్చారు, ఇవి ఉన్న కాగితం తీసుకోండి. డబ్బు కట్టకపోయినా కాగితం కావాలి. మొదటిసారి నేను జాబ్ కార్డు కాపీ అడగలేదు. రెండోసారి వెళ్తే మొదటి రాక వాళ్ల కంప్యూటర్‌లో లేనే లేదు.

అదే ఫాల్టు మూడోసారి వస్తే నోటిమాట ఆపి కంపెనీ కస్టమర్ కేర్‌కు ఈమెయిల్ పెట్టండి. ఛాసీ నంబరు, జాబ్ కార్డుల తేదీలు, ఫోటోలు జతచేయండి. దారికి రాకపోతే 1915, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్. బాడుగ బండి కాబట్టి మనకు కేసు వేసే హక్కు లేదని కొందరు బెదిరిస్తారు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం వ్యాపారానికి కొన్నవాళ్లు వినియోగదారులు కారన్న మాట నిజమే. కానీ కేవలం స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసం కొన్నవాళ్లను ఆ చట్టమే మినహాయించింది. సొంతంగా నడుపుకునే ఒక్క బండి ఉన్నవాడు ఆ లెక్కలోకి వస్తాడు. నాలుగు బండ్లు పెట్టి డ్రైవర్లతో తిప్పేవారికి కష్టం. కొన్న ఊళ్లోనే వేయాలని లేదు, మీరుండే జిల్లాలోనే వేయొచ్చు. ఫాల్టు బయటపడిన నాటి నుంచి రెండేళ్లలోపు వేయాలి. ఐదు నుంచి పది లక్షల మధ్య ధర పెట్టి కొన్న బండికి ఫీజు 200 రూపాయలు, పది నుంచి ఇరవై లక్షల మధ్య అయితే 400.